ఎమ్మారైకి ముందు చెవిన పెట్టకూడని పదకొండు సలహాలు

డాక్టరు ఎమ్మారై రాసిచ్చారని తెలియగానే సలహాలు మొదలవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఒకటి చెబుతారు, ఆఫీసులో ఒకరు ఇంకొకటి చెబుతారు, స్కానింగ్ సెంటర్ వరండాలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు మరో రెండు కలుపుతారు. చెప్పేవాళ్లందరిదీ మంచి మనసే. కానీ ఆ సలహాల్లో భయం తలకిందులుగా ఉంటుంది. అందులో లేని రేడియేషన్ గురించీ, ఇంజెక్షన్ గురించీ హడలగొడతారు. మనిషి ప్రాణం పోయిన సందర్భాలున్న చోట మాత్రం ‘ఏం కాదులే’ అంటారు. మొదటి రకం సలహా విన్నవాళ్లు అవసరమైన పరీక్ష మానేస్తారు. రెండో రకం విన్నవాళ్లు జేబులో ఇనుముతో అయస్కాంతం ముందుకు వెళతారు. తరచూ వినబడే తప్పు సలహాలు, వాటి బదులు చేయవలసిన పనులు ఇవీ.

1. ‘అందులో రేడియేషన్ ఎక్కువ, మాటిమాటికీ తీయించుకోకు’

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు లేవు. మన ఒంట్లో నీరు, కొవ్వు ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ ఉంటుంది. బలమైన అయస్కాంతం మధ్య ఆ హైడ్రోజన్ కేంద్రకాలకు రేడియో తరంగాలు తగిలిస్తే అవి తిరిగి సన్నని సంకేతాలిస్తాయి. ఆ సంకేతాలతోనే బొమ్మ తయారవుతుంది. ఈ పద్ధతికి పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యంలో నోబెల్ వచ్చింది. అయోనైజింగ్ రేడియేషన్ ఉండేది ఎక్స్‌రేలో, సీటీ స్కాన్‌లో. ఎమ్మారైకి దానితో సంబంధం లేదు. ఆ భయంతో వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుపోతున్నా స్కాన్ వాయిదా వేస్తే నష్టపోయేది రోగే. గర్భిణికి కూడా అవసరమని డాక్టరు భావిస్తే ఎమ్మారై తీస్తారు. తప్పనిసరైతే తప్ప, బొమ్మ స్పష్టంగా రావడానికి వేసే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ మాత్రం ఇవ్వరు. అందుకే నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

2. ‘మిషన్ ఆపేశారు, లోపలికి వెళ్లొచ్చు’

ఈ పదకొండింటిలోనూ అన్నిటికన్నా ప్రాణాంతకమైనది ఇదే. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే ఎమ్మారై అయస్కాంతాల బలం 1.5 టెస్లా లేదా 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. సున్నాకి దిగువన 269 డిగ్రీల చలిలో, ద్రవ హీలియంలో మునిగి ఉండే తీగచుట్టలో కరెంటు ఏ అడ్డూ లేకుండా తిరుగుతూనే ఉంటుంది. బయటి నుంచి కరెంటు పోయినా అయస్కాంతం పోదు. రాత్రి సెంటర్‌కు తాళం వేసినా ఉంటుంది, ఆదివారం కూడా ఉంటుంది. స్కాన్ చేసేటప్పుడు వచ్చే ఢక ఢక చప్పుడు లోపలున్న వేరే తీగచుట్టలది. చప్పుడు ఆగింది కాబట్టి మిషన్ ఆగిందనుకుంటారు. ఆగేది స్కాన్ మాత్రమే.

2018 జనవరిలో ముంబయి నాయర్ ఆసుపత్రిలో బంధువుకు తోడుగా వెళ్లిన 32 ఏళ్ల యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎమ్మారై గదిలోకి అడుగుపెట్టాడు. సిలిండర్‌తో పాటు మిషన్ వైపు లాగేసుకుపోయి ప్రాణం కోల్పోయాడు. మిషన్ ఆపి ఉందని వార్డు సిబ్బంది చెబితేనే వెళ్లాడని బంధువులు అన్నారు. అంతకుముందు 2014 నవంబరులో నవీ ముంబయిలోని టాటా మెమోరియల్ వారి కేంద్రంలో ఇద్దరు ఉద్యోగులు సిలిండర్‌కూ మిషన్‌కూ మధ్య నాలుగు గంటల పాటు ఇరుక్కుపోయారు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కాన్ చేయించుకుంటున్న ఆరేళ్ల బాలుడు, ఎవరో గదిలోకి తెచ్చిన సిలిండర్ ఎగిరొచ్చి తగలడంతో మరణించాడు.

గుమ్మం దగ్గర మీ చేతికి ఏమీ తెలియకపోవచ్చు. ఆ లాగుడు దగ్గరకు వెళ్లేకొద్దీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంకో రెండడుగులు వేస్తే ఎంత బలవంతుడికైనా పట్టు నిలవదు. మామూలు వీల్‌చైర్, స్ట్రెచర్, సెలైన్ స్టాండ్, సిలిండర్ ఏదీ ఆ గుమ్మం దాటకూడదు. అక్కడ వాడేందుకు అయస్కాంతానికి అంటుకోని సామాన్లు వేరుగా ఉంటాయి. రోగిని వాటి మీదికి మార్చాకే లోపలికి తీసుకెళ్లాలి. వార్డు బాయ్ అయినా, నర్సమ్మ అయినా, తెలిసిన డాక్టరే అయినా ‘పట్రండి, ఏం కాదు’ అంటే ఆగండి. ఎమ్మారై టెక్నీషియన్ స్వయంగా చెబితేనే కదలండి.

3. ‘బంగారం అయస్కాంతానికి అంటుకోదు, తీయక్కర్లేదు’

మేలిమి బంగారం అంటుకోదన్నది నిజమే. అయితే నగలో కలిసిన లోహాలేమిటో, గొలుసు కొక్కెంలోని స్ప్రింగు దేనితో చేశారో మనకు తెలియదు. పైగా బంగారం, వెండి, రాగి కరెంటును బాగా ప్రసారం చేస్తాయి. రేడియో తరంగాలకు అవి వేడెక్కి చర్మం కాలవచ్చు. నగ దగ్గరి భాగం బొమ్మలో చెదిరిపోతుంది కూడా. మెడ స్కాన్‌లో గొలుసు ఉంటే డాక్టరు చూడాలనుకున్న చోటే కనబడకుండా పోతుంది.

మంగళసూత్రం తీయడానికి మనసొప్పని ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఆ బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు. దానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో దారి ఉంది. నూలు పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకుంటే సరిపోతుంది, అందులో లోహం లేదు. ఇంటి దగ్గరే స్నానం చేసి, పెద్దవాళ్ల చేత కట్టించుకుని వస్తే సెంటర్‌లో నలుగురి మధ్య హడావుడిగా తీయాల్సిన అవస్థ తప్పుతుంది.

మెట్టెలు, బిగిసిన ఉంగరాలు, శీల తిరగని కమ్మలు, ముక్కుపుడక ముందు రోజు రాత్రే ప్రయత్నించి చూడండి. కాళ్లు కాసేపు ఎత్తులో పెట్టుకుని సబ్బు నురగో, కొబ్బరి నూనో రాస్తే చాలాసార్లు వస్తాయి. ఎంతకీ రాకపోతే కంసాలి దగ్గరికి వెళ్లవచ్చు, లేదా టెక్నీషియన్‌కు చూపించి ఏం చేయాలో అడగవచ్చు. దాచిపెట్టి లోపలికి వెళ్లడం మాత్రం వద్దు. మగవాళ్లు వెండి మొలతాడు, రాగి కడియం, తాయెత్తు మరచిపోతుంటారు. పసిపిల్లలకు కట్టిన మొలతాడు, మురుగులు, కాలి గజ్జెలు తల్లి తానే వెతికి తీయాలి.

4. ‘బట్టలే కదా, ఏవైనా ఫర్వాలేదు’

చీర అంచున జరీ ఉంటే అందులో లోహపు పోగు ఉండవచ్చు. బ్లౌజు హుక్కులు, బ్రా కొక్కేలు, ప్యాంటు జిప్పు, చీర కుచ్చిళ్ల దగ్గర పెట్టిన పిన్నీసు అన్నీ లోహమే. చెమట వాసన రాకుండా వెండి పోగులు నేసిన వ్యాయామపు దుస్తులు కొన్ని ఉంటాయి, చూడటానికి మామూలు బట్టలాగే కనిపిస్తాయి. వాటి వల్ల స్కాన్‌లో చర్మం కాలిన సందర్భాలున్నాయి. సెంటర్ వాళ్లిచ్చే గౌను వేసుకోవడమే మంచిది. తలలో స్లైడులు, సవరానికి గుచ్చిన పిన్నులు, రబ్బరు బ్యాండుకున్న లోహపు బిళ్ల వేలితో తడిమి చూసుకోవాలి. కాటుక, ఐలైనర్ కడిగేసి రావాలి. కొన్నిటి రంగుల్లో లోహం ఉంటుంది, కంటి దగ్గరి బొమ్మ చెడుతుంది.

నొప్పికో, గుండెకో, సిగరెట్ మానడానికో చర్మానికి అంటించుకునే మందు పట్టీలుంటాయి. కొన్నిటి వెనుక కంటికి కనబడనంత పలుచని అల్యూమినియం పొర ఉంటుంది. దానివల్ల కాలిన గాయాలైనందున 2009లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పట్టీ ఉంటే చెప్పండి. తీయాలా, స్కాన్ అయ్యాక కొత్తది ఎప్పుడు వేసుకోవాలి అన్నది డాక్టరును అడగండి. పచ్చబొట్టు ఉన్నా స్కాన్ చేయించుకోవచ్చు. కొన్ని సిరాల్లో ఇనుము కలుస్తుంది కాబట్టి ఉందని చెప్పాలి, అక్కడ చురుక్కుమంటే వెంటనే పిలవాలి.

5. ‘పేస్‌మేకర్ సంగతి చెప్పకు, చెబితే తీయరు’

దీనికి జంటగా ఇంకో మాట తిరుగుతుంటుంది: ‘కాలిలో రాడ్డు వేస్తే ఇక జన్మలో ఎమ్మారై కుదరదు.’ రెండూ తప్పే.

పేస్‌మేకర్ గుండెకు కొట్టుకోవాల్సిన వేగం చెబుతుంది. అయస్కాంతం, రేడియో తరంగాలు దాని పనిని మార్చేయగలవు, తీగ కొనను వేడెక్కించగలవు. ఇప్పుడు కొన్ని షరతుల మీద ఎమ్మారైకి పనికొచ్చే పేస్‌మేకర్లు వచ్చాయి. అమెరికాలో మొదటిదానికి 2011లో అనుమతి వచ్చింది. వాటికి కూడా స్కాన్‌కు ముందు సెట్టింగ్ మార్చాలి, తీస్తున్నంతసేపూ గుండెను గమనించాలి, తర్వాత మళ్లీ మామూలు స్థితికి తేవాలి. మీరు చెప్పకపోతే ఇవేవీ జరగవు. కాక్లియర్ ఇంప్లాంట్ లోపల అయస్కాంతమే ఉంటుంది. మెదడు రక్తనాళపు బుడగకు వేసిన పాతకాలపు స్టీలు క్లిప్పు అయస్కాంతానికి కదిలితే రక్తస్రావమవుతుంది. ఈ మూడింట్లో ఏది ఉన్నా ఆపరేషన్ నాడు ఇచ్చిన కార్డు, డిశ్చార్జి కాగితం చూపించకుండా బల్ల ఎక్కకూడదు.

మోకీలు మార్పిడి, తుంటి మార్పిడి, టైటానియం ప్లేట్లు, స్క్రూలు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎమ్మారై తీయవచ్చు. ఆ లోహం చుట్టుపక్కల మాత్రం బొమ్మ మసకబారుతుంది. గుండె స్టెంట్ వేశాక నెలన్నర ఆగాలనే మాట ఇప్పటికీ వినబడుతుంది. నేటి స్టెంట్లకు అంతకాలం ఆగనక్కర్లేదు. కాపర్-టీ ఉన్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు. పళ్లలో నింపిన సిమెంటు, కదలని తొడుగులు ఉండనివ్వవచ్చు. ఊడదీసే కట్టుడు పళ్లు, చెవి మిషన్, ఇన్సులిన్ పంపు, ఒంటికి అంటించిన షుగర్ సెన్సర్ గురించి ముందే చెప్పి, వాళ్లు చెప్పినట్టు తీసిపెట్టాలి.

6. ‘ఎప్పటివో సంగతులు వాళ్లకెందుకు’

స్కాన్‌కు ముందు నింపే ఫారంలో ‘కంట్లో ఎప్పుడైనా లోహపు ముక్క పడిందా’ అని ఒక ప్రశ్న ఉంటుంది. చాలామంది చదవకుండానే ‘లేదు’ అని టిక్కు పెడతారు. వెల్డింగ్ షాపులో, లేత్ మిషన్ దగ్గర, గ్రైండింగ్ పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల కంట్లో సన్నని ఇనుప రజను మిగిలిపోయి ఉండవచ్చు. నొప్పి తగ్గి ఎన్నో ఏళ్లయినా అది అక్కడే ఉంటుంది. అయస్కాంతం దాన్ని కదిలిస్తే చూపు పోవచ్చు. అమెరికాలో రేకుల పని చేసిన ఒకరికి 1980లలో ఇలాగే జరిగింది. చెబితే ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూస్తారు, ముక్క లేదని తేలాక స్కాన్ చేస్తారు. ఒంట్లో తూటా, ఛర్రా, బాంబు పేలుడు తునకలు మిగిలి ఉన్నా చెప్పాలి. చదవడం రాని పెద్దవాళ్లకు ఫారం నింపేటప్పుడు ప్రతి ప్రశ్నా పైకి చదివి వినిపించండి, వాళ్ల బదులు మీరు జవాబు రాయకండి. చిన్నప్పుడు ఎక్కడ పనిచేశారో, ఏ ఆపరేషన్ జరిగిందో కొడుకులకు, కోడళ్లకు తెలియకపోవచ్చు.

7. ‘స్కాన్ నీకా ఏమిటి, తోడుగా వెళ్లేవాళ్లకు ఇవేం ఉండవు’

అయస్కాంతానికి రోగి ఎవరో, అటెండెంట్ ఎవరో తెలియదు. 2025 జులైలో న్యూయార్క్ దగ్గర వెస్ట్‌బరీలో ఒక మహిళకు మోకాలి స్కాన్ అయింది. ఆమెను లేపడానికి గదిలోకి వచ్చిన 61 ఏళ్ల భర్త మెడలో వ్యాయామానికి వేసుకున్న సుమారు 9 కిలోల ఇనుప గొలుసు ఉంది. మిషన్ లాగేసింది, మర్నాడు ఆయన చనిపోయాడు. 2023 జనవరిలో బ్రెజిల్‌లోని సావో పాలోలో తల్లికి తోడుగా వచ్చిన లాయరు నడుము దగ్గర పిస్తోలు ఉంచుకునే లోపలికి వెళ్లాడు. అయస్కాంతం లాగడంతో అది పేలింది. కొన్ని వారాలకు ఆయన మరణించాడు.

మన ఆసుపత్రుల్లో రోగి వెంట ఇద్దరు ముగ్గురు ఉంటారు. పిలిచేసరికి అందరూ ఒక్కసారే లోపలికి నడుస్తారు. తోడుగా ఒక్కరే వెళ్లండి. వాళ్లు కూడా ఫారం నింపాలి. తాళంచెవులు, ఫోను, ఏటీఎం కార్డులు, చిల్లర, బెల్టు, వాచీ, జేబులోని పెన్ను, నెయిల్ కట్టర్ బయటే పెట్టాలి. గర్భిణి అయితే స్కాన్ జరిగేటప్పుడు ఆ గదిలో ఉండకుండా వేరొకరిని పంపాలి. లోపలున్న మనిషి కేక వేసినా పరుగెత్తుకు వెళ్లకుండా టెక్నీషియన్‌ను పిలవాలి.

8. ‘రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకు, మాత్రలు ఆపెయ్’

మెదడు, వెన్నెముక, మోకాలు, భుజం స్కాన్లకు ఉపవాసం సాధారణంగా అక్కర్లేదు. కడుపు, కాలేయం, పిత్తనాళాల స్కాన్లకు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినవద్దంటారు. మత్తు ఇచ్చేట్టయితే ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. మీకు ఏది వర్తిస్తుందో సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. షుగర్ ఉన్నవాళ్లు అనవసరంగా పస్తులుండి ఇన్సులిన్ వేసుకుంటే చెమటలు పట్టి పడిపోతారు. బీపీ, ఫిట్స్, గుండె మాత్రలు డాక్టరు ఆపమంటే తప్ప వేళకు వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఆపమనే జాగ్రత్త సీటీలో వాడే అయోడిన్ ఇంజెక్షన్‌కు సంబంధించింది, ఎమ్మారై ఇంజెక్షన్‌కు మామూలుగా ఆ అవసరం రాదు.

9. ‘ఆ ఇంజెక్షన్ వేయించుకోకు, కిడ్నీలు పోతాయి’

ఎమ్మారై కాంట్రాస్ట్‌లో ఉండేది గాడోలినియం. కణితి, ఇన్ఫెక్షన్, వాపు ఎక్కడ ఉన్నాయో స్పష్టంగా చూపిస్తుంది. మూత్రపిండాలు బాగా పనిచేసేవాళ్లకు అది మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీల వడపోత సామర్థ్యం, అంటే ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తగ్గినవాళ్లలో, డయాలిసిస్‌లో ఉన్నవాళ్లలో పాతరకం మందులతో చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు వచ్చింది. కొత్తరకం వాటితో అది చాలా అరుదు. కాబట్టి ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి, ఇంతకుముందు ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లో, ఆయాసమో వచ్చి ఉంటే చెప్పండి. కొంచెం గాడోలినియం ఒంట్లో నిలిచిపోవచ్చని 2017లో ఎఫ్‌డీఏ కూడా తెలిపింది. అందుకే ‘ఇది నాకు ఎందుకు కావాలి’ అని డాక్టరును అడగడం మీ హక్కు. కారణం విని ఒప్పుకోండి, ఎవరో భయపెట్టారని మాత్రం కాదనకండి. పాలిచ్చే తల్లులు ఆ తర్వాత పాలు ఆపనక్కర్లేదు, పాలలోకి వెళ్లేది అత్యల్పం.

10. ‘భయమైతే నిద్రమాత్ర వేసుకుని పడుకో’

మందులషాపులో కొన్నదో, ఇంట్లో పెద్దాయన డబ్బాలోదో మింగి వెళ్లకండి. ఆస్తమా, గుర్రుతో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకూ, ముసలివాళ్లకూ మత్తులో శ్వాస మందగించవచ్చు. చుట్టూ చప్పుడు, పక్కన ఎవరూ లేరు, గమనించడం కష్టం. నిజంగా తట్టుకోలేరనుకుంటే ముందుగానే డాక్టరుకు చెప్పండి. తగిన మందు, తగిన మోతాదు ఆయనే రాస్తారు, లేదా మత్తు డాక్టరు సమక్షంలో స్కాన్ ఏర్పాటు చేస్తారు. అలా మందు తీసుకున్నప్పుడు ఇంటికి తీసుకెళ్లే మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.

మందు లేకుండానే చాలామంది గట్టెక్కే దారులున్నాయి. సొరంగం వెడల్పు పాతవాటిలో సుమారు 60 సెంటీమీటర్లు, కొత్తవాటిలో 70. రెండు వైపులా తెరిచే ఉంటుంది, లోపల వెలుతురూ గాలీ ఉంటాయి. లావుగా ఉన్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు వెడల్పు మిషన్ ఎక్కడుందో కనుక్కోవచ్చు. మోకాలి స్కాన్‌కు కాళ్ల వైపు నుంచి పంపుతారు, తల చాలాసార్లు బయటే ఉంటుంది. బల్ల కదలకముందే కళ్లు మూసుకోండి, కళ్ల మీద మడత పెట్టిన గుడ్డ వేయమనండి. సొరంగాన్ని ఒక్కసారి చూశాక మూసుకోవడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది. ఒక్కో చప్పుడు విడత ఎన్ని నిమిషాలో మైకులో చెబుతుండమని టెక్నీషియన్‌ను అడగండి. మొత్తం 20 నిమిషాల నుంచి గంట దాకా పట్టవచ్చని ముందే తెలిస్తే మనసు సిద్ధమవుతుంది. ఊపిరి నెమ్మదిగా వదలడం ఇంటి దగ్గరే రెండు మూడుసార్లు అలవాటు చేసుకోండి. బాత్రూంకు వెళ్లొచ్చి పడుకోండి. నడుము నొప్పి ఉంటే మోకాళ్ల కింద దిండు పెట్టమనండి.

11. ‘చేతులు జోడించి దండం పెట్టుకుని పడుకో, ఏమనిపించినా ఓర్చుకో’

ప్రార్థన మనసులో చేసుకోండి, చేతులు మాత్రం జోడించవద్దు. వేళ్లు పెనవేసినా, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసినా, తొడలు రాసుకున్నా శరీరంలోనే ఒక వలయం ఏర్పడుతుంది. రేడియో తరంగాలకు అందులో కరెంటు పుట్టి, చర్మం చర్మానికి ఆనే చోట కాలవచ్చు. చేతులు విడివిడిగా పక్కన పెట్టాలి, తొడల మధ్య మెత్త పెట్టమనాలి, ఏ తీగా ఒంటికి నేరుగా తగలకూడదు. ఒళ్లు కాస్త వెచ్చబడటం మామూలే. ఒకే చోట చురుక్కుమన్నా, మండినా అది ఓర్చుకునే విషయం కాదు.

ఇబ్బందైతే పిలవడానికి చేతికిచ్చిన రబ్బరు బుడగ నొక్కితే స్కాన్ మొత్తం మళ్లీ మొదటినుంచీ తీయాలని భయపెడతారు. అప్పటిదాకా పూర్తయిన విడతలు అలాగే ఉంటాయి, ఆగిన విడత ఒక్కటే మళ్లీ తీస్తారు. లోపలికి వెళ్లకముందే ఒకసారి నొక్కి, బయట వినబడుతోందో లేదో చూడమనండి. చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవి ప్లగ్గులు ఉన్నా వదులుగా ఉంటే సరిచేయమని అడగండి. పిల్లలకూ అవి తప్పనిసరి.

ఇన్నిటిలోనూ చేయవలసింది రెండు పనులు. ముందు రోజే సెంటర్‌కు ఫోన్ చేసి తిండి, మందులు, తోడు గురించి అడగాలి. ఒంట్లో ఉన్న ప్రతి లోహం గురించీ, జరిగిన ప్రతి ఆపరేషన్ గురించీ దాచకుండా చెప్పాలి. ఇంప్లాంట్ కార్డు దొరకకపోతే ఊహించి చెప్పకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి కాగితాలు తెప్పించుకునేదాకా స్కాన్ వాయిదా వేయమనండి. అత్యవసరమైతే ఆ సంగతి డాక్టరుకే చెప్పండి, వేరే పరీక్షతో పని జరుగుతుందేమో ఆయన చూస్తారు. సెంటర్ వాళ్లు హడావుడి పెట్టినా, వెనుక వరస పొడుగ్గా ఉన్నా, అడగాల్సిన ప్రశ్న అడిగి జవాబు విన్నాకే ఆ గుమ్మం దాటండి.